ఇందూరు పర్యాటకంలో సుస్థిర నైపుణ్యాలు: శిక్షణా దృక్పథంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పర్యాటకరంగంలో పనిచేసేవారికి ఇచ్చే శిక్షణలో 'సుస్థిరత' ఇటీవల తప్పనిసరి పాఠంగా చేరింది. ఆ పాఠం ఎక్కువగా హోటలు గది, వంటశాల, స్వాగత బల్ల చుట్టూ రూపొందింది. నిజామాబాద్ (ఇందూరు), బోధన్ ప్రాంతంలో పర్యాటకం మాత్రం ప్రధానంగా జలాశయాలు, నదీతీరాలు, గుళ్ళు, దర్గాలు, పాత కోట, మూతపడిన చక్కెర కర్మాగారపు పట్నం అనే స్థలాల మీద ఆధారపడింది. ఈ స్థలాలను నిలబెట్టే నైపుణ్యాలు స్థానిక శ్రామికుల్లో ఇప్పటికే ఉన్నాయని, శిక్షణా ప్రణాళికలు వాటిని నైపుణ్యాలుగా గుర్తించడం లేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 'సుస్థిరత' అనే పదపు అర్థపరిధి, 'అతిథి' భావన, నిజాం చక్కెర కర్మాగార అనుభవం, సాహిత్యస్మృతితో ముడిపడిన స్థలాల వ్యాఖ్యానం అనే నాలుగు కోణాల నుంచి ఈ పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: ఇందూరు, బోధన్, శక్కర్‌నగర్, పర్యాటకం, సుస్థిరత, నిలకడ, నైపుణ్యం, శ్రమ, వ్యాఖ్యానం.

1. ప్రవేశిక:

తెలుగులో యాత్రాసాహిత్యాన్ని చర్చించేటప్పుడు మనం సాధారణంగా యాత్రికుని చూపును పరిశీలిస్తాం. అతడు ఏం చూశాడు, ఎలా వర్ణించాడు, ఆ వర్ణనలో ఆ కాలపు సమాజం ఎంత కనిపిస్తుంది అన్నవి మన ప్రశ్నలు. యాత్రను సాధ్యం చేసినవారి శ్రమ గురించి అడగడం అరుదు. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్రచరిత్ర' ఈ విషయంలో గమనార్హం. హైదరాబాదు నుంచి నిర్మల్ మీదుగా నాగపూరుకు సాగిన ఆయన ప్రయాణం గోదావరికి ఈవలి ఈ భూభాగం గుండానే నడిచింది. మజిలీలో నీరు ఎలా ఉంది, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, బోయీలు ఎలా నడిచారు అన్న వివరాలను ఆయన శ్రద్ధగా రాశాడు. ప్రయాణికుని సుఖం మజిలీ ఊరి నీటి మీద, అక్కడి మనుషుల పనితనం మీద ఆధారపడుతుందన్న ఎరుక ఆ రచనలో ఉంది.

నేటి పర్యాటక ప్రణాళికల భాషలో ఈ ఎరుక ఎంతవరకు మిగిలింది అన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న. ఇది కేవలం వాణిజ్యశాస్త్ర విభాగాలకు సంబంధించిన ప్రశ్న కాదు. శిక్షణా పాఠ్యం కూడా ఒక పాఠ్యమే. దానికి ఊహించిన పాఠకుడు ఉంటాడు, ఎంచుకున్న పదజాలం ఉంటుంది, చెప్పకుండా వదిలివేసిన విషయాలు ఉంటాయి. కాబట్టి సాహిత్యవిమర్శ పనిముట్లతో దానిని చదవడం సాధ్యమే గాక అవసరం కూడా.

2. 'సుస్థిరత' - పదం, పరిధి:

1987లో బ్రంట్లాండ్ కమిషన్ నివేదిక తర్వాత ప్రపంచవ్యాప్తంగా ప్రచారంలోకి వచ్చిన భావనకు తెలుగులో 'సుస్థిర అభివృద్ధి' అన్న అనువాదం స్థిరపడింది. భావితరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం ఆ భావన సారం. 2005లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, ప్రపంచ పర్యాటక సంస్థ కలిసి వెలువరించిన మార్గదర్శక గ్రంథం పర్యాటకానికి దీనిని అన్వయిస్తూ పర్యావరణ, ఆర్థిక, సామాజిక ప్రభావాలు మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. సందర్శకులు, పరిశ్రమ, పర్యావరణంతో పాటు ఆతిథ్యమిచ్చే స్థానికసమాజం అవసరాలు కూడా ఆ నిర్వచనంలో భాగమే.

తెలుగు అనువాదంలో ఈ విస్తృతి కొంత కుదించుకుపోయింది. 'స్థిర' శబ్దానికి కదలనిది, మారనిది అన్న అర్థచ్ఛాయ బలంగా ఉంది. 'సుస్థిర ప్రభుత్వం' అన్నప్పుడు పడిపోని ప్రభుత్వమని గ్రహిస్తాం. కానీ ఈ భావనలో ప్రధానమైనది కదలకపోవడం కాదు. వాడుకుంటూనే తరిగిపోకుండా చూసుకోవడం. వాడుకభాషలోని 'నిలకడ' ఈ అర్థానికి ఎక్కువ దగ్గరగా ఉంది. చెరువులో నీటి నిలకడ, మనిషికి పనిలో నిలకడ, సంసారంలో నిలకడ అని అంటాం. ఒకే మాట వనరుకూ, కొలువుకూ, బతుకుకూ వర్తిస్తుంది. 'సుస్థిర పర్యాటకం' అన్నప్పుడు మన దృష్టి చెట్టు, నీరు, ప్లాస్టిక్ దగ్గర ఆగిపోతుంది. 'నిలకడగల పర్యాటకం' అంటే మాత్రం, ఆ చెట్టుకు నీళ్ళు పోసే మనిషి కొలువు వచ్చే ఏడాది ఉంటుందా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. పరిభాషను మార్చాలని ఈ వ్యాసం పట్టుబట్టడం లేదు. స్థిరపడిన పదం ఏ ప్రశ్నను కనపడకుండా చేస్తున్నదో గుర్తించాలని మాత్రమే కోరుతుంది.

పేర్ల విషయంలోనూ ఇదే గమనిస్తాం. ఉమ్మడి రాష్ట్రకాలం నుంచి ప్రభుత్వ పర్యాటక సంస్థ హోటళ్ళకు 'హరిత' అన్న పేరు ప్రసిద్ధం. పేరులో పచ్చదనం ముందే వచ్చింది. ఆ పేరుకు తగిన పని ఏమిటి, దానిని ఎవరు చేస్తారు, వారికి ఏం తెలిసి ఉండాలి అన్న వివరణ తర్వాత రావలసినది. విశేషణం నామవాచకంగా మారినప్పుడు దానిని నిరూపించవలసిన బాధ్యత మరుగున పడుతుంది.

3. శిక్షణా నమూనా - అందులోని ఊహాస్థలం:

కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ 2009-10లో ప్రారంభించిన 'హునర్ సే రోజ్‌గార్ తక్' పథకం తక్కువ చదువుకున్న యువతకు స్వల్పకాలిక శిక్షణ ఇచ్చే ఉద్దేశంతో వచ్చింది. వంట తయారీకి 8 వారాలు, వడ్డన సేవలకు 6 వారాలు మొదటి ప్రణాళిక. తర్వాత గదుల నిర్వహణ, బేకరీ వంటివి చేరాయి. రాతిపని, పర్యాటక సహాయకుల శిక్షణ కూడా క్రమంగా దాని పరిధిలోకి వచ్చాయి. హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ, 2004లో ఏర్పడిన జాతీయ పర్యాటక, ఆతిథ్య నిర్వహణ సంస్థ ఈ రంగంలో ప్రధాన విద్యాకేంద్రాలు. 2014లో 'భారత సుస్థిర పర్యాటక ప్రమాణాలు' వెలువడ్డాయి. అవి వసతిగృహాలకు, యాత్రానిర్వాహకులకు, బీచ్‌లు, వెనుకజలాలు, సరస్సులు, నదుల రంగానికి విడివిడిగా ప్రమాణాలను సూచించాయి. 2022 నాటి జాతీయ సుస్థిర పర్యాటక వ్యూహం పేర్కొన్న ఏడు స్తంభాల్లో సామర్థ్య నిర్మాణం కూడా ఉంది.

పత్రాల స్థాయిలో దృష్టి విశాలంగానే ఉందని దీనివల్ల తెలుస్తుంది. సరస్సులకు, నదులకు ప్రత్యేక ప్రమాణాలు ఉండడం మన ప్రాంతానికి ఎంతో అనుకూలమైన విషయం. చిక్కు అంతా ఆ ప్రమాణాలు శిక్షణార్థి చేతిలోకి దిగేటప్పుడు వస్తుంది. వృత్తులుగా విభజించిన పట్టికలో గదిని శుభ్రపరిచేవారు, వడ్డించేవారు, స్వాగతం పలికేవారు, వంటవారు, యాత్రామార్గదర్శి అన్న పాత్రలు ముందుంటాయి. వారికి చెప్పే సుస్థిరత పాఠం కూడా ఆ పనుల చుట్టూనే తిరుగుతుంది: తువ్వాళ్ళను అవసరమైతేనే ఉతకడం, దీపాలు ఆర్పడం, తడి పొడి చెత్తను వేరుచేయడం, ప్లాస్టిక్ తగ్గించడం. ఇవన్నీ మంచి అలవాట్లే. అయితే ఈ పాఠం ఒక ఊహాస్థలాన్ని నిర్మిస్తుంది. ఆ స్థలం నగరంలోని నాలుగు గోడల హోటలు. అందులో నీరు కుళాయిలో వస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తుందో పాఠానికి సంబంధం లేదు.

4. అతిథి, గృహస్థు, కూలి:

ఈ శిక్షణకు నైతిక ఆధారంగా తరచు వినిపించే మాట 'అతిథి దేవో భవ'. కేంద్ర పర్యాటకశాఖ ప్రచారోద్యమానికి అదే పేరు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఈ వాక్యం వచ్చే సందర్భాన్ని గుర్తుచేసుకోవాలి. విద్య ముగించుకొని గురుకులం నుంచి వెళ్తున్న శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశం అది. ఆ శిష్యుడు రేపు గృహస్థు కాబోతున్నాడు. తన ఇల్లు, తన ధాన్యం, తన నిర్ణయం అతనికి ఉంటాయి. అతిథిని దేవునిగా చూడడం అతని ధర్మం కావడానికి ఆ స్వాతంత్ర్యమే పునాది.

దినకూలీకో, ఏజెన్సీ ద్వారానో పనిచేసే శ్రామికునికి ఇదే వాక్యాన్ని బోధించినప్పుడు దాని అర్థం మారిపోతుంది. అతడు ఇంటియజమాని కాడు. వచ్చినవాడు అతని అతిథి కాదు. పర్యాటకుడు జలాశయంలోకి సీసా విసిరినప్పుడు గృహస్థు అయితే వారించగలడు, కూలి వారించలేడు. సుస్థిరతకు అత్యవసరమైన నైపుణ్యం ఇక్కడే ఉంది: సందర్శకుణ్ణి మర్యాదగా, గట్టిగా వారించగలగడం. దీనికి మాటతీరులో శిక్షణ కావాలి, వెనుక సంస్థ అండ కావాలి, నియమం చెప్పే అధికారం కావాలి. సేవకుని వినయాన్ని మాత్రమే నేర్పే పాఠ్యం ఈ నైపుణ్యాన్ని నేర్పలేదు. పైగా రెండూ పరస్పర విరుద్ధంగా తయారవుతాయి.

5. నీటి మీద నిలిచిన పర్యాటకం:

నిజామాబాద్ పరిసరాల్లో సందర్శకులు వెళ్ళే చోట్లను వరుసగా చెప్పుకుంటే ఒక విషయం స్పష్టమవుతుంది. అలీసాగర్, జానకంపేట దగ్గరి అశోక్‌సాగర్, మంజీరపై నిజాంసాగర్, గోదావరిపై పోచంపాడు శ్రీరాంసాగర్, గోదావరి మంజీర హరిద్రల సంగమమని ప్రసిద్ధి చెందిన కందకుర్తి, గోదావరి తీరాన బాసర. అన్నీ నీటిచోట్లే. వీటిలో చాలావరకు పర్యాటకం కోసం కట్టినవి కావు. సేద్యం కోసం కట్టినవి.

నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 2016లో జిల్లాల విభజన జరిగిన తర్వాత ఆనకట్ట కామారెడ్డి జిల్లా పరిధిలోకి వెళ్ళినా, దాని కాలువ కిందనే బోధన్ చెరకుసీమ ఎదిగింది. మొదట్లో సుమారు 30 టీఎంసీల సామర్థ్యం గల ఈ జలాశయం పూడికతో బాగా తగ్గిపోయి, గేట్ల ఎత్తు పెంచిన తర్వాత 17.8 టీఎంసీలుగా లెక్కకు వచ్చింది. ఎగువన సింగూరు కట్టి మంజీర నీటిని హైదరాబాదు తాగునీటికి మళ్ళించడంతో దిగువకు వచ్చే ప్రవాహం కూడా మారింది. అలీసాగర్ ఈ కాలువ వ్యవస్థలోని జలాశయమే. తర్వాతికాలంలో గోదావరి నుంచి ఎత్తిపోతల ద్వారా దానికి నీరు తెచ్చే ఏర్పాటు జరిగింది.

అంటే అలీసాగర్ తోటలో కూర్చున్న సందర్శకుని ఎదుట కనబడే నీరు కాలువ షెడ్యూలు, పంపు నడక, ఆయకట్టు రైతు అవసరం అనే మూడు నిర్ణయాల ఫలితం. ఆ నీటిమట్టం ఎందుకు తగ్గిందో పడవ నడిపేవానికి, తోటమాలికి, టిక్కెట్లు ఇచ్చేవారికి తెలిసి ఉండాలి. నిజానికి ఊళ్ళో ఈ విద్య ఉన్నవారు తరతరాలుగా ఉన్నారు. తూము తెరిచి పొలాలకు నీరు పంచే నీరటి, కాలువ మీద తిరిగే లష్కర్, లోతులెరిగి వలవేసే గంగపుత్రులు. పూడిక ఎక్కడ చేరిందో, ఏ నెలలో పడవ ఎక్కడికి పోకూడదో వీరికి అనుభవం చెబుతుంది. పర్యాటక శిక్షణా పట్టికలో వీరి పేరుతో ఒక్క వృత్తిపాత్ర కనబడదు.

స్థానిక జ్ఞానం విలువ ఎంతటిదో గోదావరి మీదనే ఒక విషాదం చూపింది. 2019 సెప్టెంబరు 15న తూర్పుగోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. నౌకాదళం, జాతీయ విపత్తు స్పందన దళం గాలించినా లోతునా సుడుల్లోనా చిక్కిన ఆ పడవను, కాకినాడకు చెందిన స్థానిక బృందం తాళ్ళు, లంగర్లతో లాగి అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చింది. ప్రమాదం జరిగిన తర్వాత పిలిచిన ఆ నైపుణ్యాన్ని, ప్రమాదానికి ముందు శిక్షకునిగా ఎందుకు పిలవకూడదు?

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015 పుష్కరాలు జులై నెలలో జరిగాయి. మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరిచి ఉంచాలి. గేట్లు తెరిచి ఉన్నా, ఎగువన వాన లేకపోతే ఘాట్ దగ్గర నీరు ఉండదు. వాన ఉంటే ఒక్కరాత్రిలో మెట్లు మునుగుతాయి. కందకుర్తిలో, పోచంపాడులో ఘాట్ల మీద నిలబడే తాత్కాలిక సిబ్బందికి ఈ లెక్క తెలియడం ప్రాణాలకు సంబంధించిన విషయం. వారికి రెండురోజుల ముందు టోపీ, ఈల ఇచ్చి పంపితే అది శిక్షణ అనిపించుకోదు.

6. శక్కర్‌నగర్ చెప్పే పాఠం:

నైపుణ్యం గురించి మాట్లాడేటప్పుడు బోధన్‌కు సొంత చరిత్ర ఉంది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే పట్నమే వెలసింది. చెరకు తూకం, గానుగ, రసం శుద్ధి, పాకం పట్టడం, గుండిగ చల్లార్చడం వరకు ఒక్కొక్క దశకూ చేయితిరిగిన పనివారు ఉండేవారు. పాకం ఎప్పుడు పలుకు కడుతుందో కంటితో, వేలితో చెప్పగల నైపుణ్యం ఏళ్ళతరబడి పనిలో వచ్చేది. పిప్పి బాయిలరుకు ఇంధనం, మడ్డి సారాయి పరిశ్రమకు ముడిసరుకు, శుద్ధిలో మిగిలిన మట్టి పొలానికి ఎరువు. ఇప్పుడు శిక్షణా పుస్తకాలు 'వృథా లేని ఉత్పత్తి' అని చెప్పే సూత్రం చక్కెర పరిశ్రమలో ఆ పేరు లేకుండానే నడిచింది.

2002లో కర్మాగారంలో మెజారిటీ వాటా ప్రైవేటు సంస్థకు వెళ్ళింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటనతో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడూ ఆగిపోయాయి. 2024లో రాష్ట్రప్రభుత్వం పునరుద్ధరణ పరిశీలనకు కమిటీని నియమించింది. ఈ చరిత్ర నుంచి పర్యాటక శిక్షణ నేర్చుకోదగినవి రెండు ఉన్నాయి.

మొదటిది, ఒకే సంస్థకు కట్టుబడిన నైపుణ్యం ఆ సంస్థతోనే వీధిన పడుతుంది. చెరకు ఆడే కాలం శీతాకాలపు కొన్ని నెలలే అయినట్టు, ఇక్కడి పర్యాటకం కూడా సెలవులు, జాతరలు, జలాశయం నిండే రోజుల మీద ఆధారపడింది. ఋతువును బట్టి వచ్చే పనికి ఏడాది పొడవునా బతుకునిచ్చే మరొక పని తోడుండాలి. కర్మాగారంలో శాశ్వత కార్మికులకు భవిష్యనిధి, క్వార్టరు, ఆసుపత్రి, బడి ఉండేవి. నేటి పర్యాటక కొలువులో అవి లేనప్పుడు, ధ్రువపత్రం ఒక్కటే పనివాణ్ణి ఊళ్ళో నిలపలేదు. శిక్షణ పొందినవాడు హైదరాబాదుకో దుబాయికో వెళ్ళిపోతే తప్పు అతనిది కాదు; కానీ ఆ శిక్షణను ఈ ప్రాంతపు 'సుస్థిరత' ఖాతాలో రాయడం తప్పు.

రెండవది, శక్కర్‌నగర్ స్వయంగా ఒక వారసత్వస్థలం. పారిశ్రామిక వారసత్వాన్ని సందర్శనీయం చేయడం ఐరోపా దేశాల్లో బొగ్గుగనుల విషయంలో జరిగింది. జర్మనీలోని ఎసెన్ నగరంలో 1986లో మూతపడిన జోల్‌ఫెరైన్ గని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బోధన్‌లోనూ అలాంటి ఆలోచన చేయవచ్చు. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. బకాయిలు, ఉపాధి గురించిన ప్రశ్నలు సజీవంగా ఉన్నచోట కర్మాగారాన్ని ప్రదర్శనశాలగా ఊహించడం పనివారి దృష్టిలో మరణధ్రువపత్రంలా ధ్వనించవచ్చు. పునరుద్ధరణకు ప్రత్యామ్నాయంగా పర్యాటకాన్ని చూపడం అన్యాయం. పునరుద్ధరణ జరిగినా జరగకపోయినా, ఆ యంత్రాల ఎదుట నిలబడి వాటి కథ చెప్పవలసినవారు వాటిని నడిపినవారే అన్నది మాత్రం నిర్వివాదం. వారి జ్ఞాపకాలను, వారి పనిమాటలను నమోదు చేయడం తెలుగుశాఖల పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని. వయసు ఆ పనికి గడువు పెడుతున్నది.

7. కోట, జైలు, మసీదు - వ్యాఖ్యాత నైపుణ్యం:

పర్యాటకంలో తెలుగు విద్యార్థికి అతి దగ్గరగా ఉన్న వృత్తి స్థలవ్యాఖ్యాతది. నిజామాబాద్ కోటలోని రఘునాథాలయం, పాత జైలు ఇందుకు మంచి ఉదాహరణ. నిజాం వ్యతిరేక పోరాటకాలంలో దాశరథి కృష్ణమాచార్య ఆ జైలులో బందీగా ఉండి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఆయనకు సహచరుడు. వంటపని, హోటలుపని చేస్తూ చదువుకొని, దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, 'ప్రజల మనిషి' నవలను, 'జైలు లోపల' కథలను రాసిన ఆళ్వారుస్వామి జీవితం శ్రమకూ అక్షరానికీ ఉన్న బంధానికి నిదర్శనం. పర్యాటకరంగపు పనివారికి ఆదర్శంగా చెప్పదగిన రచయిత ఇంతకంటె ఎవరుంటారు?

ఈ స్థలాన్ని వివరించడానికి నాలుగు తేదీలు కంఠస్థం చేస్తే చాలదు. ఒకే గుట్ట మీద ఆలయం, కోట, చెరసాల, కవిత్వం ఎలా చేరాయో, ఏది శాసనాధారమో, ఏది ఐతిహ్యమో, ఏది ప్రత్యక్షసాక్ష్యమో వేరుచేసి చెప్పగలగాలి. బోధన్ దేవల్ మసీదు దగ్గర ఈ అవసరం మరింత తీవ్రం. నక్షత్రాకారపు తలవిన్యాసం గల ఆలయ నిర్మాణం తుగ్లక్ కాలంలో మసీదుగా మారిందని చరిత్రకారులు చెబుతారు. బోధన్‌ను అశ్మక జనపదపు పోదనంగానూ, భారతకథలోని ఏకచక్రపురంగానూ చెప్పుకునే సంప్రదాయాలు ఉన్నాయి. ఈ పొరలను గర్వానికో ద్వేషానికో ముడిసరుకు చేయకుండా చెప్పడం సామాజిక సుస్థిరతకు ప్రాథమిక నైపుణ్యం. వర్ని సమీపంలోని బడాపహాడ్ దర్గాకు అన్నిమతాలవారు మొక్కుబడులతో వెళ్ళే ప్రాంతమిది. ఒక్క బాధ్యతలేని వాక్యం ఆ సహజీవనాన్ని గాయపరచగలదు.

ఐతిహ్యాన్నీ చరిత్రనూ వేరుచేయడం, మౌఖిక కథనాన్ని సేకరించడం, శ్రోతనుబట్టి మాటను మలచడం తెలుగు ఎం.ఏ. పాఠ్యప్రణాళికలో జానపదవిజ్ఞానం, సాహిత్యవిమర్శ పేర్లతో ఇప్పటికే ఉన్నవే. 2006లో డిచ్‌పల్లిలో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయానికి సమీపంలోనే, శిల్పసంపదకు పేరుపొందిన ఖిల్లా రామాలయం ఉంది. తరగతి గదికీ స్థలానికీ మధ్య దూరం నడకలో తక్కువ, ఆలోచనలో ఎక్కువ.

8. గుర్తింపు లేని నైపుణ్యాలు - అంకాపూర్, గల్ఫ్:

ఆర్మూరు దగ్గరి అంకాపూర్ విత్తనోత్పత్తికి, ఎర్రజొన్న, పసుపు సాగుకు పేరుపొందిన ఊరు. అక్కడి దేశీకోడి కూర తినడానికి దూరప్రాంతాలవారు వస్తారు. ఏ శిక్షణాకేంద్రమూ ప్రణాళిక వేయకుండానే అక్కడ ఆహారపర్యాటకం పుట్టింది. పండించేవారు, పెంచేవారు, వండేవారు, అమ్మేవారు ఒకే ఊళ్ళో ఉండడం వల్ల సందర్శకుడు ఇచ్చిన రూపాయి ఊళ్ళోనే కొన్ని చేతులు మారుతుంది. ఆర్థిక సుస్థిరతకు ఇంతకంటె సులభమైన ఉదాహరణ దొరకదు. అక్కడ అవసరమైన శిక్షణ వంటలో కాదు; వ్యర్థాల నిర్వహణలో, పరిశుభ్రతలో, లెక్కల్లో. తెలిసినదాన్ని గౌరవించి, తెలియనిదాన్ని మాత్రమే నేర్పే పద్ధతి ఇది.

గల్ఫ్ వలస ఈ జిల్లా జీవితంలో విడదీయరాని భాగం. అక్కడి హోటళ్ళలో, క్యాంపు వంటశాలల్లో, శుభ్రతా పనుల్లో ఏళ్ళు గడిపి తిరిగివచ్చినవారు ఊరూరా ఉన్నారు. వారికి తెలిసిన క్రమశిక్షణ, నీటి పొదుపు, భద్రతా నియమాలు ఇక్కడ శిక్షకులకు కూడా పనికొస్తాయి. కేంద్ర నైపుణ్య పథకంలో ముందే నేర్చినదాన్ని పరీక్షించి ధ్రువీకరించే విభాగం ఉంది. పర్యాటకరంగంలో దానిని గల్ఫ్ నుంచి వచ్చినవారికీ, గంగపుత్రులకూ, నీరటులకూ వర్తింపజేయడానికి కొత్త చట్టం అవసరం లేదు. కొత్త చూపు అవసరం.

9. ఒక అభ్యంతరం:

స్థానిక జ్ఞానాన్ని ఇంతగా కొనియాడితే, కులవృత్తులనే మళ్ళీ పర్యాటకం పేరుతో స్థిరపరచినట్టు అవుతుందన్న అభ్యంతరం రావచ్చు. ఇది తోసిపుచ్చదగినది కాదు. గంగపుత్రుని కొడుకు పడవ దగ్గరే, పారిశుద్ధ్య కార్మికురాలి కూతురు చీపురు దగ్గరే ఉండిపోయే శిక్షణ అన్యాయమైనది. అందుకే నైపుణ్యాన్ని గుర్తించడం, ఆ నైపుణ్యం గలవారిని అక్కడే కట్టిపడేయడం వేర్వేరని స్పష్టం చేయాలి. గుర్తింపు అంటే వేతనం పెరగడం, శిక్షకుని హోదా రావడం, పర్యవేక్షక స్థానానికి దారి తెరుచుకోవడం. అదే సమయంలో ఆ జ్ఞానం ఏ ఇంటి పిల్లలకైనా పాఠంగా అందుబాటులోకి రావడం. ఈ రెండూ జరిగినప్పుడే అది కులం చేతి నుంచి శాస్త్రం చేతికి వస్తుంది.

10. ముగింపు:

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. పర్యాటక శిక్షణలోని సుస్థిరత పాఠం హోటలు గదిని కేంద్రంగా ఊహించింది. ఇందూరు, బోధన్ ప్రాంతానికి జలాశయమూ, నదీతీరమూ కేంద్రం కావాలి. 2014 నాటి ప్రమాణాల్లో సరస్సులకు, నదులకు ఉన్న చోటును శిక్షణలోకి దించాలి.

2. 'సుస్థిర' శబ్దం వనరుల వైపు మాత్రమే చూపు తిప్పుతున్నది. 'నిలకడ' అన్న వాడుకమాట కొలువును కూడా లెక్కలోకి తెస్తుంది.

3. సందర్శకుణ్ణి వారించగల అధికారం, మాటతీరు శిక్షణలో భాగం కావాలి.

4. శక్కర్‌నగర్ కార్మికుల పనిజ్ఞానాన్ని, పనిమాటలను తెలుగు పరిశోధకులు నమోదు చేయాలి.

5. స్థలవ్యాఖ్యాతల శిక్షణలో విశ్వవిద్యాలయ తెలుగుశాఖలు భాగస్వాములు కావాలి.

6. 2027 పుష్కరాల తాత్కాలిక సిబ్బందికి నదిని ఎరిగినవారి చేత ముందుగా శిక్షణ ఇప్పించడం తక్షణ కర్తవ్యం.

నిజాంసాగర్ నీటితో చెరకు పండింది, చెరకుతో కర్మాగారం నిలిచింది, కర్మాగారంతో ఒక పట్నం బతికింది. ఆ గొలుసులో ఒక్కొక్క కొక్కెం ఎలా తెగిందో చూసిన ప్రాంతం ఇది. అటువంటి చోట సుస్థిరత గురించి బోధించడానికి వచ్చేవారు, బోధన మొదలుపెట్టే ముందు కొంతసేపు శ్రోతలుగా కూర్చోవడం మేలు.